బల్ల కింద కూర్చుని చదివిన బైబిలు

(ఉత్తరాంధ్ర బైబిలు స్త్రీల స్మృత్యర్థం అనకాపల్లిలో చేసిన ఉపన్యాసం పూర్తి పాఠం)



స్మారకోపన్యాసానికి మామూలుగా ఒక మనిషి పేరుంటుంది. వేదిక మీద దండ వేసిన ఫొటో ఉంటుంది. ఈరోజు ఆ రెండూ లేవు. మనం తలుచుకుంటున్నది ఒక మనిషిని కాదు, ఒక ఉద్యోగం చేసిన ఆడవాళ్లందరినీ. వాళ్లను బైబిలు స్త్రీలు అన్నారు. మిషన్ చరిత్రలు తిరగేస్తే దొరల పేర్లు, దొరసానుల పేర్లు ఇంటిపేర్లతో సహా దొరుకుతాయి. బైబిలు స్త్రీకి ఇంటిపేరు దొరకడమే గగనం. అందుకే ఈ సభకు ఒక్క పేరు పెట్టకపోవడం సరైనదే అనుకుంటున్నాను.

మనం కూర్చున్నచోటికి ముప్పై, ముప్పై ఐదు కిలోమీటర్ల దూరంలో, విశాఖపట్నంలో 1805లో లండన్ మిషనరీ సొసైటీవాళ్లు జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ దిగారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. 1812లో మూడు సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. 1818లో అదే సొసైటీ మిషనరీ ప్రిచెట్ చేసిన కొత్త నిబంధన మద్రాసులో అచ్చయింది. తెలుగు బైబిలు పుట్టుకలో ఇంత భాగం మన ప్రాంతానిదే. కానీ ఈ పనిలో కనిపించే పేర్లన్నీ మగవాళ్లవే.

ఆడవాళ్లు వచ్చింది తర్వాత, వేరే దారిలో. 1857లో లండన్‌లో ఎలెన్ రాన్యార్డ్ అనే ఆవిడ పేద ఆడవాళ్లకే జీతమిచ్చి, పేదల ఇళ్లకు బైబిలు పట్టుకెళ్లే పని అప్పగించింది. ఆ పద్ధతి త్వరలోనే మన దేశానికీ వచ్చింది. 1874లో కాకినాడ కేంద్రంగా కెనడియన్ బాప్టిస్టులు పని మొదలుపెట్టి ఎలమంచిలి దాకా విస్తరించారు. అక్కడ కెనడాలో స్త్రీల సంఘాలు చందాలు పోగుచేసి పంపితే ఇక్కడ బైబిలు స్త్రీలకు జీతాలు వెళ్లేవి. ఈ తెలుగు స్త్రీల మీద జేమ్స్ ఎలీషా తానేటి 2013లో ఇంగ్లీషులో ఒక మంచి పుస్తకం రాశారు.

తిరిగి ఆడది చెడింది, తిరక్క మగాడు చెడ్డాడు అని మన సామెత. ఆ సామెత గట్టిగా చెలామణిలో ఉన్న రోజుల్లో తిరగడమే వృత్తిగా పెట్టుకున్న ఆడవాళ్లు వీళ్లు. పేట నుంచి పేటకు, ఊరి నుంచి ఊరికి నడిచారు. గుమ్మం దాటనివ్వని ఇళ్ల దగ్గర అరుగు మీదో, అరుగు కిందో కూర్చుని కథ చెప్పారు. వాళ్లకు ప్రసంగపీఠం ఎక్కే అధికారం లేదు. కానీ ఏ కథ చెప్పాలి, ఎక్కడ ఆపాలి, ఎవరి వైపు నుంచి చెప్పాలి అన్నది అరుగు దగ్గర వాళ్ల చేతిలోనే ఉంది. కథ చెప్పడమే ఒక వ్యాఖ్యానం. మన ప్రాంతంలో బైబిలుకు మొదటి స్త్రీ వ్యాఖ్యాతలు వాళ్లే. వాళ్లేం చెప్పారో ఎవరూ రాసిపెట్టలేదు. ఈరోజు నేను చెప్పబోయేదంతా ఆ నష్టం గురించే, దాన్ని ఇప్పుడైనా ఎలా పూడ్చుకోవచ్చన్నదాని గురించే. దారి కోసం ఆఫ్రికా వైపు చూద్దామంటున్నాను.

అక్రాలో మొదలైన పని

1989లో ఘనా రాజధాని అక్రాలో ఆఫ్రికా స్త్రీ వేదాంతులు కొందరు సమావేశమయ్యారు. వాళ్లను కూడగట్టినావిడ మెర్సీ అంబా ఓడుయోయే. ఘనాలో పుట్టి, అక్కడి లెగోన్‌లోనూ, కేంబ్రిడ్జిలోనూ చదువుకుని, ప్రపంచ చర్చిల మండలిలో పెద్ద పదవిలో పనిచేశారు. ఆరోజు ఏర్పడిన స్త్రీ వేదాంతుల బృందం పెట్టుకున్న నియమం చిన్నది: చదవాలి, చదివింది రాయాలి, రాసింది అచ్చువేయాలి. ఆఫ్రికా ఆడవాళ్ల మతం గురించి పుస్తకాలున్నాయి, కానీ వాటిని రాసింది ఇతరులు. అది మారాలన్నది వాళ్ల పట్టుదల.

ఓడుయోయే 1995 నాటి పుస్తకంలో బైబిలు కంటే ముందు తన అకాన్ జాతి సామెతలను, పురాణకథలను ముందేసుకుని కూర్చుంది. ఆడదాన్ని అణచిపెట్టే మాట మిషనరీతోనే రాలేదని, అంతకుముందే అమ్మమ్మల నోట ఉందని ఒప్పుకుంది. అదే ఊపులో, మిషనరీ వచ్చి దాన్ని పోగొట్టలేదని, పైన ఇంకో పొర వేశాడని కూడా చెప్పింది. రెండు వైపులా నిలదీసే ఈ తెగువ వల్లే ఆఫ్రికా స్త్రీల రచనలు మనకు దగ్గరగా అనిపిస్తాయి. పాశ్చాత్య స్త్రీవాది మగవాడితో వాదిస్తే సరిపోతుంది. ఆఫ్రికా స్త్రీ మగవాడితోనూ, తెల్లవాడితోనూ, తన సొంత ఆచారంతోనూ ఏకకాలంలో వాదించాలి. మన పేటలో పుట్టినావిడకు ఈ జాబితాలో కులం కూడా చేరుతుంది.

రొట్టె ముక్కలు, ఎంగిలి మెతుకులు

మీ అందరికీ తెలిసిన కథ ఒకటి తీసుకుందాం. కూతురికి దయ్యం పట్టిందని ఒక పరాయి జాతి స్త్రీ యేసు వెంటపడి బతిమాలుతుంది. శిష్యులు ఆవిడను పంపేయమంటారు. పిల్లల రొట్టె తీసి కుక్కలకు వేయడం తగదని యేసు అంటాడు. బల్ల మీంచి పడే ముక్కలు కుక్కలు కూడా తింటాయి కదా అని ఆవిడ జవాబిస్తుంది. కూతురు బాగుపడుతుంది. మన ప్రసంగాల్లో ఇది విశ్వాసానికి, తగ్గింపుకు మచ్చుతునక.

బోట్స్వానా పండితురాలు మూసా డూబే 2000లో తెచ్చిన పుస్తకంలో ఈ కథను ఇలా చదవలేదు. మత్తయి ఆవిడను కనాను స్త్రీ అన్నాడు. కనాను అంటే ఇంకొకరికి వాగ్దానం చేసేసిన నేల. ఆ నేలమీద ముందునుంచీ ఉన్నవాళ్లకు ఏం మిగిలింది? యెరికో పట్టణంలో వేగులవాళ్లను దాచిన రాహాబు కథను ఆ ఊరు పోగొట్టుకున్నవాళ్లు రాస్తే ఎలా ఉండేది? ఒక కథ ప్రయాణాన్ని మెచ్చుకుంటోందంటే, ఆ ప్రయాణం ఎవరి నేల మీదకు అని అడగాలంటుంది డూబే. బైబిలు వచ్చింది, భూమి పోయింది అని ఖండమంతా చెప్పుకునే చోట పుట్టిన ప్రశ్న ఇది.

డూబే అక్కడితో ఆగలేదు. బోట్స్వానాలో ఆఫ్రికన్లే స్థాపించుకున్న స్వతంత్ర సంఘాల ఆడవాళ్ల దగ్గరకు వెళ్లి ఇదే కథ చదివించింది. వాళ్ల జవాబులు ఆవిడ పుస్తకంలా లేవు. వాళ్లకు ముఖ్యం జబ్బు నయం కావడం, ఆత్మ పలకడం. తన సిద్ధాంతానికి సరిపోని ఆ జవాబులను డూబే దాచకుండా అచ్చువేసింది. అదే పాండిత్యమంటే.

ఇప్పుడు మన వైపు రండి. తెలుగు దళిత స్త్రీ, కొత్త నిబంధన పండితురాలు సురేఖ నెలవల ఇదే స్త్రీ మీద, మార్కు చెప్పిన కథను తీసుకుని, 2006లో ఒక వ్యాసం రాశారు. ఆవిడ చూపు పడింది భూమి మీద కాదు, బల్ల మీద. బల్ల దగ్గర ఎవరు, బల్ల కింద ఎవరు? దొడ్డి గుమ్మం దగ్గర గిన్నె పట్టుకుని నిలబడి, పైనుంచి దూరంగా వేసిన సద్దికూడు అందుకున్న తల్లుల బిడ్డలకు ఈ కథలో కుక్క అన్న మాట అలంకారంగా వినబడదు. నెలవల దృష్టిలో ఆ స్త్రీ తెలివైనది. తిట్టును తిట్టుగానే పట్టుకుని, దానితోనే తన పని సాధించుకున్న మనిషి. తగ్గింపు అని మనం మెచ్చుకుంటున్నది నిజానికి వాదనలో గెలుపు. సువార్తల్లో యేసుతో మాటకు మాట చెప్పి ఒప్పించిన మనుషులు ఎందరున్నారో లెక్కేసి చూడండి.

డూబేకూ, నెలవలకూ మధ్య ఉన్న తేడా నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. ఆఫ్రికాలో బైబిలు వెంట భూమి పోయింది. మన మాల, మాదిగ, రెల్లి పేటలకు పోవడానికి భూమే లేదు. భూమి ఉన్నవాడు తెల్లవాడు కాడు, ఊళ్లోవాడే. పేటకు బైబిలు బడితో, పలకతో, ఆస్పత్రితో కలిసి వచ్చింది. అందుకే మన ఆడవాళ్లు బైబిలుతో డూబే అంత కటువుగా తగాదా పడరు. పడలేదని వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆఫ్రికా నుంచి మనం తెచ్చుకోవాల్సింది అడిగే అలవాటును. జవాబులు మన నేల మీద మనమే వెతుక్కోవాలి.

పన్నెండేళ్ల రక్తం

మార్కు సువార్త 5వ అధ్యాయం. పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడుతున్న స్త్రీ, ఉన్నదంతా వైద్యులకు ఖర్చుపెట్టి, జనంలో వెనకనుంచి వచ్చి యేసు బట్ట ముట్టుకుంటుంది. డూబే 1999లో ఈ స్త్రీని ఆఫ్రికా తల్లిగా మార్చి కథలా చెప్పింది. ఆ తల్లి దగ్గరకు వలస పాలకులు వచ్చారు, స్వతంత్రం వచ్చింది, ఎయిడ్స్ వచ్చింది, రక్తం మాత్రం ఆగలేదు. ఆ తర్వాత ఆఫ్రికా స్త్రీల బృందం తన శక్తినంతా హెచ్ఐవి మీదకు మళ్లించింది. జబ్బు పాపానికి శిక్ష అని పీఠం మీంచి వినబడుతుంటే, జబ్బుపడ్డ భార్య ఏ పాపం చేసిందని వాళ్లు లేఖనం చేతబట్టుకునే అడిగారు. 2000ల మొదట్లో దేశంలో హెచ్ఐవి తీవ్రంగా ఉన్న రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మన పీఠాల మీంచి ఆ రోజుల్లో ఏం వినబడిందో ఇక్కడున్న చాలామందికి గుర్తుండే ఉంటుంది.

ఇదే కథను ప్రసూన జ్ఞాన నెలవల 2010లో దళిత స్త్రీ శరీరం వైపు నుంచి చదివారు. ముట్టు అంటు, కులం అంటు రెండూ ఒకే ఒంటి మీద పడితే ఎలా ఉంటుంది? అలాంటి ఒళ్లు ఒకరిని ముట్టుకోవడం, ఆ ముట్టుకోవడాన్ని ఆయన నలుగురిలో ఒప్పుకోవడం ఎంత పెద్ద సంగతి? మైలపడ్డానని ఆయన అనలేదు, కుమారీ అని పిలిచాడు. ఆ పిలుపు విలువ, పేరు పెట్టి కాకుండా కులం పెట్టి పిలిపించుకున్నవాళ్లకే బాగా తెలుస్తుంది.

ఈ అధ్యాయాన్ని చెరుకు నరికే కూలికి వెళ్లొచ్చిన ఆడవాళ్ల మధ్య కూర్చుని, ప్రసంగం చెప్పకుండా, రెండుసార్లు మెల్లగా చదివి ఊరుకోండి. కాసేపటికి ప్రశ్నలు ఇలా వస్తాయి: డబ్బులన్నీ డాట్టర్లకే ఐపోనాయంటే, ముందు డబ్బున్నావిడే గదా? పన్నెండేళ్లు ఆ ఇంట్లో కూడెవులు వండినారు? మొగుడున్నాడా, ఒగ్గేసినాడా? ఇవి వ్యాఖ్యాన గ్రంథాల్లో సులువుగా దొరికే ప్రశ్నలు కావు. ఓపీ లైన్లో తెల్లారగట్ట నుంచి నిలబడ్డవాళ్లు, గర్భసంచి తీసేయించుకుని మూడోవారం పనిలోకి దిగినవాళ్లు అడిగే ప్రశ్నలు. వీటిని వ్యాఖ్యానమని ఒప్పుకోకపోతే మనకు వ్యాఖ్యానమంటే తెలియదన్నమాట.

కథ వెనక గదిలో ఎవరు?

మన పెళ్లిళ్లలో సామెతల గ్రంథం 31వ అధ్యాయం చదవని పాస్టరుగారు ఉండరు. చీకటుండగానే లేచి, ఉన్ని, నార వెతికి, పొలం కొని, ఇంటిల్లిపాదికీ వండిపెట్టే గుణవతి. భర్త మాత్రం ఊరి గవిని దగ్గర పెద్దలతో కూర్చుని ఉంటాడు. దక్షిణాఫ్రికాలో మడిపోవానే మసెన్య ఏళ్ల తరబడి ఈ అధ్యాయంతోనే కుస్తీపట్టింది, 2004లో పుస్తకం తెచ్చింది. కష్టపడి ఇల్లు నిలబెట్టే ఆడదాన్ని మెచ్చుకోవడం ఆవిడకు ఇష్టమే. కానీ ఈ గుణవతి తన పనికత్తెలకు కూడా పని అప్పగిస్తుందని ఆవిడ గుర్తుచేస్తుంది. తెల్లవాళ్ల ఇళ్లలో పనిచేసి తన పిల్లలను పల్లెలో వదిలేసుకున్న నల్లజాతి తల్లి ఆ అధ్యాయంలో గుణవతి కాదు, పనికత్తె.

సరిగ్గా ఈ గదిలోకే మన తెలుగు లూథరన్ పండితురాలు మోనికా జ్యోత్స్న మెలాంక్తన్ కూడా వెళ్లారు. పాత నిబంధనలో ఆవిడది పెద్ద పేరు. చెన్నై గురుకుల్‌లో చాలాకాలం బోధించి, తర్వాత మెల్‌బోర్న్ వెళ్లారు. యూదితు గ్రంథం క్యాతలిక్కుల బైబిల్లో ఉంటుంది. శత్రు సేనాపతి తల నరికి ఊరిని కాపాడిన వీరనారి కథ అది. 2010 వ్యాసంలో మెలాంక్తన్ యూదితును పక్కన పెట్టి, ఆవిడ దాసిని పట్టుకున్నారు. తిండి సంచి మోసింది దాసి. ఆ సంచిలోనే నరికిన తల మోసుకొచ్చింది దాసి. ప్రాణానికి తెగించిన ఆ పిల్లకు కథలో పేరు లేదు, నోట మాట లేదు. ఆ మౌనం వెనక మన ఇళ్లలో అంట్లు తోమే దళిత స్త్రీ మౌనం ఉందని మెలాంక్తన్ చదువు.

ఇంకో మనిషి రూతు తోడికోడలు ఓర్పా. మన సంఘాల్లో రూతమ్మలున్నారు, ఎస్తేరమ్మలున్నారు, మార్తమ్మలకు లెక్కలేదు. ఓర్పా పేరు పెట్టుకున్నవాళ్లను నేను చూడలేదు. అత్తతో వెళ్లక పుట్టింటికి తిరిగిపోయింది కాబట్టి ఆవిడ చెడ్డదైపోయింది. కెన్యా పండితురాలు ముసింబి కన్యోరో తన ఊరి ఆడవాళ్లతో రూతు గ్రంథం చదివితే, వాళ్లు కూడా రూతునే మెచ్చుకున్నారు. కోడలంటే అలా ఉండాలన్నారు. ఆచారం ఎంత లోతుకు పాతుకుందో కన్యోరోకు అప్పుడే అర్థమైంది. డూబే మాత్రం ఓర్పా రాసినట్టుగా ఉత్తరాలు కల్పించి రాసింది. తన తల్లి దగ్గరకు, తన దేవుళ్ల దగ్గరకు తిరిగి వెళ్లిన ఆడపిల్ల ఏం తప్పు చేసింది?

తెలుగులో ఇలాంటి పని చేసిన కథకురాలు ఎం.ఎం. వినోదిని. లూకా 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుడిని ఆవిడ కూతురిగా మార్చారు. దళిత క్రైస్తవ ఇంటి అమ్మాయి చదువుకోవడానికి వెళ్లి, అగ్రకుల స్నేహితురాలి ఇంటి తీరుకు ముచ్చటపడుతుంది. తన ఇల్లు, తన తిండి తక్కువగా కనిపిస్తాయి. ఆ గొప్పింటి లోపలి రంగు బయటపడ్డాక తనవాళ్ల దగ్గరకు తిరిగొస్తుంది. లూకా కుమారుడు తండ్రి ఆస్తి పోగొట్టుకున్నాడు. ఈ కూతురు పోగొట్టుకోబోయింది ఆత్మగౌరవం. సెమినరీలో పాఠంగా పెట్టినా పెట్టకపోయినా ఇది నికార్సయిన లేఖన వ్యాఖ్యానం.

తామారును ఎందుకు చదవం?

రెండో సమూయేలు 13వ అధ్యాయం మీ సంఘంలో ఆఖరిసారి ఎప్పుడు చదివారో గుర్తుచేసుకోండి. దావీదు కూతురు తామారును సవతి అన్న అమ్నోను జబ్బు నటించి పిలిపించి, బలాత్కరించి, బయటకు గెంటించి తలుపు గడియ వేయించిన కథ. సొంత అన్న అబ్షాలోము నోరు మూసుకోమన్నాడు. తండ్రికి కోపం వచ్చింది, కానీ కొడుకును ఏమీ అనలేదు.

1990ల్లో దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్స్‌బర్గ్‌లో ఉజామా కేంద్రంవాళ్లు ఈ అధ్యాయాన్ని ఆడవాళ్ల గుంపుల్లో చదివించడం మొదలుపెట్టారు. పద్ధతి సులువు. పైకి చదువుతారు. కథలో ఎవరెవరున్నారు, ఒక్కొక్క మగవాడు ఏం చేశాడు, తామారు ఏం మాట్లాడింది, ఆవిడ మాట ఎవరు విన్నారు అని వరసగా అడుగుతారు. చివరికి మన ఊళ్లో తామార్లు ఉన్నారా అని అడుగుతారు. అక్కడిదాకా వచ్చేసరికి గదిలో ఎవరో ఒకరు తన కథ మొదలుపెడతారు. ఇక్కడినుంచే ఆడవాళ్ల మీద అత్యాచారాలకు వ్యతిరేకంగా తామారు పేరుతో ఒక ఉద్యమం పుట్టి, ఆఫ్రికాలో చాలా దేశాలకు పాకింది. పెట్టుబడి ఏముంది? ఒక అధ్యాయం, నాలుగు ప్రశ్నలు, వినే ఓపిక.

రెండు అభ్యంతరాలు

వాక్యాన్ని ఆడవాళ్లు ఇష్టమొచ్చినట్టు చదవొచ్చా అంటారు. స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలని పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయం చూపిస్తారు. అదే పత్రిక 11వ అధ్యాయంలో ప్రవచించే స్త్రీలున్నారు. రోమా పత్రిక 16వ అధ్యాయంలో సంఘ పరిచారకురాలు ఫీబే ఉంది. ఒక అధ్యాయాన్ని పట్టుకుని ఇంకోదాన్ని వదిలేయడం కూడా ఇష్టమొచ్చినట్టు చదవడమే. ఆ పని ఇన్నాళ్లూ మగవాళ్లు చేశారు, అంతే.

ఇది విదేశీ సరుకు, కొత్త ఫ్యాషను అంటారు. కొంగో రాజ్యంలో కింపా వీటా అనే ఇరవై ఏళ్లు దాటిన యువతి, యేసు తమ రాజధానిలోనే పుట్టాడని, తమవాడేనని బోధించింది. 1706లో ఆవిడను సజీవంగా తగలబెట్టారు. బోధన సరైనదా కాదా అన్నది వేరే సంగతి. ఆడది లేఖనాన్ని తన నేల మీదకు తెచ్చుకోవడం మూడు వందల ఏళ్ల నాటి మాట అని మాత్రం ఒప్పుకోవాలి. మన దగ్గరా ఇది విదేశీ సరుకు కాదు. 2013లో నంద్యాల డయోసిస్‌కు పుష్పలలితగారు బిషప్ అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో ఆ పీఠమెక్కిన మొదటి స్త్రీ తెలుగావిడే. 1947లో ఏర్పడిన సంఘానికి అక్కడిదాకా రావడానికి 66 ఏళ్లు పట్టింది.

ఇక మన పని

ఒక్క బాధ ఉంది. నేను పేర్లు చెప్పిన తెలుగు పండితురాళ్లు ముగ్గురూ ఈ పని ఇంగ్లీషులో చేశారు. వాళ్ల వ్యాసాలు న్యూఢిల్లీలో, విదేశాల్లో అచ్చయ్యాయి. వాళ్లు ఎవరి గురించి రాశారో ఆ ఆడవాళ్లకు మాత్రం అందలేదు. బైబిలు తెలుగులోకి రావడం మొదలై రెండు వందల ఏళ్లు దాటింది. దాని మీద పేట ఆడవాళ్ల సొంత ఆలోచన తెలుగు పుస్తకంగా వచ్చింది ఎంత? పైగా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవురాలినని కాగితం మీద రాస్తే షెడ్యూల్డ్ కులం హోదా పోతుంది. బడి రిజిస్టరులో ఒక మనిషి, చర్చి రిజిస్టరులో ఇంకో మనిషిగా బతికేవాళ్లకు తమ మాట తమ పేరుతో అచ్చులో చూసుకోవడం ఎంత అవసరమో నేను వేరే చెప్పక్కర్లేదు.

పాస్టరుగార్లను వేడుకునేది ఇది. మీ సంఘంలో స్త్రీల సమాజం ఎలాగూ కూడుతుంది. నెలకు ఒక్క కూటం ప్రసంగం లేకుండా వదిలేయండి. ఆరోజు తామారునో, ఓర్పానో, మార్కు 5వ అధ్యాయాన్నో ఒకరు పైకి చదవాలి. అక్షరాలు రానివాళ్లు ముందు మాట్లాడాలి. మీరు వెనక బెంచీ మీద కూర్చుని వినండి, మధ్యలో సరిదిద్దకండి. కాలేజీ చదివే ఆడపిల్ల ఒకతి నోటుబుక్కు పెట్టుకుని, ఎవరి మాట వాళ్ల యాసలోనే రాయాలి. చెప్పినావిడ ఒప్పుకుంటే ఇంటిపేరుతో సహా పేరు రాయాలి. ఏడాది తర్వాత ఆ నోటుబుక్కులన్నీ ఒకచోట చేర్చి ఎలమంచిలి, అనకాపల్లి, చోడవరం, నర్సీపట్నం సంఘాలు కలిసి ఒక చిన్న పుస్తకం వేయండి. సంఘ వార్షికోత్సవానికి షామియానాకు పెట్టే ఖర్చు చాలు.

బైబిలు స్త్రీల మాటలు మనం పోగొట్టుకున్నాం, అవి ఇక దొరకవు. వాళ్ల మనవరాళ్ల మాటలు పోగొట్టుకుంటే మాత్రం ఆ తప్పు మిషనరీలది కాదు, మనదే. వచ్చే ఏడాది ఈ సభ పెట్టేటప్పుడు ఉపన్యాసకులను పిలవకండి. ఆ పుస్తకంలోంచి నాలుగు పేజీలు, చెప్పినవాళ్ల చేతే చదివించండి.